అరుగు మీద అడిగిన మాట

దిల్‌సుఖ్‌నగర్,
హైదరాబాదు.
12-6-1986

పూజ్యులైన మామయ్యగారికి,

మీ మేనకోడలు నాగేశ్వరి నమస్కారాలు. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడుగుదామని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. అబద్ధం ఎందుకు, నా నొప్పి చెప్పుకుందామని మొదలుపెట్టాను.

మొన్న ఏకాదశి ఎప్పుడా అని పంచాంగం తీస్తే మధ్యలోంచి కోర్టు కాగితం జారిపడింది. ఈయన దాచారు. ఈ ఇంట్లో ఆ పుస్తకం తెరిచేది నేనొక్కదాన్నేనని కూడా తెలియని మనిషి! డిక్రీ అయిపోయిందట. మా సొమ్ము జప్తు చేసి బాకీ రాబట్టుకోవడానికి అప్పిచ్చిన జనార్ధన్ కోర్టులో కాగితం వేశాడట.

ఈయన ఉన్న ఉద్యోగం మానేసి ఎల్బీనగర్ అవతల ప్లాట్ల వ్యాపారంలో దిగిన సంగతి మీకు తెలుసు. తెలియనిదేమిటంటే ఆ భూమి సీలింగు భూమని తేలింది. రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. పెట్టుబడికని ఫైనాన్సు జనార్ధన్ దగ్గర తెచ్చిన డబ్బు ఆ మట్టిలోనే కలిసిపోయింది. ఆ ప్రోనోటు మీద ఈయనతో పాటు నేనూ సంతకం పెట్టాను. "ఇద్దరూ పెడితేనే ఇస్త" అన్నాడతను. పెట్టాను.

ఏడాదిన్నరగా ఈయనకి రూపాయి రాబడి లేదు. పొద్దున్నే పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారియర్ పట్టుకుని బయల్దేరుతారు. ఎక్కడికో నేనడగను. కాలనీలో అందరూ విశ్వేశ్వరరావుగారి వ్యాపారం దివ్యంగా ఉందనుకుంటున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మా బతుకు.

మరి తిండి ఎలా అంటారా? మామయ్యా, నేను కూలికి జాకెట్లు కుడుతున్నాను. అమ్మకి చెప్పకండి. మా ఇంటి ఓనరు ఐలమ్మ ఇక్కడి పాతకాపు మనిషి. ఈ కాలనీ ఉన్న చోటంతా ఒకప్పుడు వాళ్ళ జొన్నచేనే. చంపాపేట్‌లో తనకి తెలిసిన టైలరున్నాడని చెప్పి ఆవిడే ఆడవాళ్ళ దగ్గర గుడ్డ, ఆది జాకెట్టు తీసుకుంటుంది. పెరటి గుమ్మంలోంచి మూట నాకు చేరుతుంది. కుట్టాక అదే దారిన వెళ్తుంది. ఎదురింటి ఇందిరాదేవిగారు మొన్న నాతోనే అంటుంది, "ఆ చంపాపేట్ దర్జీ ఈసారి చంకలో బిగించేశాడండీ" అని. "మగాళ్ళకేం తెలుస్తుందండీ" అన్నాను.

మీరు జన్మంతా కోర్టు అమీనాగా చేశారు. వాళ్ళొస్తే ఏం పట్టుకుపోతారు? మిగతావన్నీ పోనివ్వండి. నా మిషను పోతే పిల్లలిద్దరికీ అన్నం లేదు. ఆ ఒక్కటీ నిలబెట్టుకునే దారి చెప్పండి.

నాగేశ్వరి


రేపల్లె,
24-6-1986

చిరంజీవి నాగేశ్వరికి,

మామయ్య ఆశీస్సులు. కూలికి కుట్టడం సిగ్గుపడాల్సిన పని కాదు. నువ్వు సంతకం పెట్టడం మాత్రం బుద్ధి తక్కువ పని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సరే, తొక్కావు. ఇప్పుడు కాలు కడిగే సంగతి చూద్దాం.

భయపడకు. అమీనా అంటే యముడు కాదు, వాడి చేతిలో వారెంటు ఉంటుంది, ఆ వారెంటుకి హద్దులుంటాయి. ముప్పై నాలుగేళ్ళు ఆ హద్దుల మీదే నడిచినవాణ్ణి చెబుతున్నాను, శ్రద్ధగా చదువుకో.

పొద్దు గూకాక, పొద్దు పొడవకముందు జప్తుకని ఇంట్లో అడుగు పెట్టకూడదు. వస్తే గుమ్మంలోనే ఆపి రేపు రమ్మను. ముందు వారెంటు చూపించమను, కోర్టు సీలు ఉందో లేదో చూడు. జనార్ధన్ వెంట వచ్చినా సరే, సామాను మీద వాడు చెయ్యి వేయడానికి వీల్లేదు. నీ మెడలో సూత్రాల జోలికి ఎవరూ రాకూడదు. కట్టుబట్టలు, వండుకునే గిన్నెలు, పడుకునే పక్కలు వదిలెయ్యాలి. బీరువా, ఫ్యాను, రేడియో, కుర్చీలు పోతాయి. వాటికి ఏడవకు. పట్టుకెళ్ళే ప్రతి వస్తువూ కాగితం మీద రాయించి, ఆ కాగితం చదివాకే సంతకం పెట్టు. ఈసారైనా చదువు.

ఇక అసలు సంగతి. సివిల్ ప్రొసీజరు కోడు అరవయ్యో సెక్షను ప్రకారం చేతిపనివాళ్ళ పనిముట్లు జప్తుకి పనికిరావు. కుమ్మరి సారె, కంసాలి కొలిమి, నీ కుట్టుమిషను అన్నీ ఒకటే. బాకీదారుల్లో నువ్వూ ఒకతెవి గనక ఈ హక్కు నీకు నేరుగా ఉంది. నువ్వు సంతకం పెట్టిన తెలివితక్కువతనం ఒక్క ఇక్కడ అక్కరకొచ్చింది. అమీనా అడిగితే, "ఈ మిషను మీద కుట్టి బతుకుతున్నాను" అని చెప్పు. ఆ ఒక్కమాట చాలు. అది రాసుకుని వాడు మిషను వదిలి వెళ్ళాలి.

అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

శ్రీరామమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
20-7-1986

మామయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐలమ్మకి కూడా చదివి వినిపించాను. "గింత మంచి కాయిదా ఉండంగ గిన్ని దినాలు ఉత్తగనే పరేషాన్ అయితివి గదా బిడ్డా" అని నా నెత్తిన మొట్టింది. ఆవిడే అమీనాలా గుమ్మంలో నిలబడి నన్ను అడుగుతుంది, నేను జవాబు చెబుతాను. మొదటిరోజు నవ్వొచ్చేసింది. "నవ్వకు. నీది దొంగతనమా ఏంది?" అని కసిరింది.

ఈయన మాత్రం మీ ఉత్తరం చూసి, "విశ్వేశ్వరరావు పెళ్ళాం కూలి చేస్తోందని ఊరూరా టముకు వేస్తున్నావన్నమాట" అన్నారు. ఊరూరా ఏమిటండీ, ఒక్క రేపల్లెకే కదా రాశాను అన్నాను. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. కోపమొచ్చింది, జాలీ వేసింది. ఆయన రోజంతా మూసారాంబాగ్ వంతెన దగ్గర కూర్చుంటున్నారని మట్టయ్య, అంటే ఐలమ్మ భర్త, చూసి వచ్చి చెప్పాడు. ఎండలో కూర్చుని క్యారియర్ విప్పుకుని తింటున్నారట.

ఒక్క అనుమానం మామయ్యా. వాళ్ళు ఎలా అడుగుతారు? లోపలికొచ్చి, నన్నొక్కదాన్నే పక్కకి పిలిచి అడుగుతారా? మీరు ఎలా అడిగేవారు? అది తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

నాగేశ్వరి


రేపల్లె,
19-8-1986

చి. నాగేశ్వరికి,

ఆశీస్సులు. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నాకు వారంనుంచి దగ్గు. గోదావరి వరదల సంగతి రేడియోలో వింటున్నాం.

ఎలా అడిగినా జవాబు ఒకటే కదా, ఆ ఆలోచన నీకెందుకు? మనిషికొక పద్ధతి ఉంటుంది. చెప్పాల్సిన మాట నీకు వచ్చు. అది చాలు.

అల్లుడిగారితో తగవు పెట్టుకోకు.

శ్రీరామమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
30-9-1986

మామయ్యగారికి,

మిషను పోయింది.

శనివారం పదకొండింటికి వచ్చారు. పట్టపగలే వచ్చారు, వారెంటు చూపించారు, సీలు ఉంది. జనార్ధన్ వెనకాలే నిలబడ్డాడు, సామాను ముట్టుకోలేదు. మీరు రాసినవన్నీ అచ్చంగా అలాగే జరిగాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

దసరా బట్టలు మీద పడి ఉన్నాయి. ఇందిరాదేవిగారి నీలం జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. వీధిలో జీపు ఆగిన చప్పుడు వినగానే నేనేం చేశానో తెలుసా? మిషను మీది జాకెట్టు లాగేసి, పక్కనున్న ముక్కలన్నీ మూటకట్టి మంచం కిందికి తోసేశాను. గేటు చప్పుడైతే మూట దాచడం ఏడాదిన్నర అలవాటు. ఆ మూట కళ్ళ ముందుంటే అమీనా నన్ను అడగాల్సిన పనే లేకపోయేది. పదిహేడు జాకెట్లు, ఏ రెండూ ఒక మనిషి కొలత కావు. నా చేతులతో నేనే దాచాను.

బీరువా, ఫ్యాను, రేడియో బయటికి చేరాయి. ఈయన ఆ రోజు వంతెన దగ్గరికి వెళ్ళలేదు, ఇంట్లోనే ఉన్నారు. కాలనీ అంతా మా గేటు దగ్గర పోగయ్యింది. మనవైపు వాళ్ళే ఎక్కువ. ఇందిరాదేవిగారు అరుగు మెట్టు దాకా వచ్చి, "అయ్యయ్యో, ఏమిటండీ ఇది" అంటూ నిలబడింది. ఇద్దరు మనుషులు మిషను మోసుకొచ్చి అరుగు మీద పెట్టారు. అప్పుడడిగాడు అమీనా. లోపల ఉన్నంతసేపూ నోరు విప్పలేదు. అరుగు మీదికొచ్చాక, అందరూ వినేటట్టు అడిగాడు.

"అమ్మా, గీ మిషిన్ మీద కుట్టి, గా కూలి మీదనేనా మీరు బతికేది? జర గట్టిగ చెప్పుండ్రి, రాస్కోవాలె."

నేను నోరు తెరిచే లోపల ఈయన అన్నారు, "మా ఆవిడకి కూలికి కుట్టాల్సిన ఖర్మేమిటండీ! ఏదో పిల్లల గౌన్లు కుట్టుకుంటుంది."

ఐలమ్మ గుంపులోంచి తోసుకొచ్చింది. "అబద్ధం సారూ! పొద్దుమూకులు కుడ్తనే ఉంటది. గామె రెక్కల కష్టం మీదనే గీ ఇల్లు నడుస్తున్నది. చెప్పు బిడ్డా, నోరిప్పు. మనం అనుకున్నట్టే చెప్పు" అంది.

అమీనా నా వైపు తిరిగాడు. "ఆమె ఒక తీరు, మీ ఆయన ఒక తీరు చెప్తున్నరు. మీరు చెప్పుండ్రి."

ఈయన మొహం చూశాను మామయ్యా. చెమట కారిపోతోంది. నేను నిజం చెబితే ఆయన ఇంతమందిలో అబద్ధాలకోరు అవుతారు, పెళ్ళాం కూలి తిన్నవాడు అవుతారు. చెప్పకపోతే నా పిల్లలు పస్తులుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందిరాదేవిగారు నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ జాకెట్టు నా మంచం కింద ఉంది.

"సరదాకి కుడతానండి" అన్నాను.

రాసుకున్నాడు. చదివి వినిపించాడు. మీరు చెప్పినట్టే చదివి మరీ సంతకం పెట్టాను.

ఐలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఈయన గోడకి తల ఆనించి ఏడ్చారు. ఓదార్చాలనిపించలేదు.

నెలల తరబడి వల్లెవేసిన మాట నా నోట్లోంచి ఎందుకు రాలేదు? నాకే అర్థం కావడం లేదు. మీకేమైనా అర్థమైతే రాయండి.

నాగేశ్వరి


రేపల్లె,
13-10-1986

నాగేశ్వరీ,

నాకు అర్థమైంది. నీ ఉత్తరం చదవకముందే అర్థమైంది. జూలైలో నువ్వు "మీరు ఎలా అడిగేవారు" అని రాసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

నేనూ అరుగు మీదే అడిగేవాణ్ణి.

గదిలో అడిగితే నిజం చెబుతారు. నాకు పని నేర్పిన పెద్ద అమీనా మొదటివారంలోనే చెప్పాడు, "వస్తువుని వీధి గుమ్మం దాటించు, నలుగురూ చేరనివ్వు, అప్పుడడుగు" అని. కుమ్మరివాళ్ళనీ సాలెవాళ్ళనీ ఎక్కడ అడిగినా దడదడా చెప్పేవారు, వాళ్ళ దగ్గర ఈ ఎత్తు పారేది కాదు. పారేదల్లా మన బోటివాళ్ళ దగ్గర. తెల్లచొక్కాల ఇళ్ళలో, చాటుగా అప్పడాలు ఒత్తే ఇళ్ళలో. అడగడం నా బాధ్యత, అడిగాను. వాళ్ళ నోటితో వాళ్ళే కాదన్నారు, రాసుకున్నాను. చట్టంలో ఎక్కడా తప్పు లేదు. బాకీ వసూలైన పెద్దమనిషి వెళ్ళేటప్పుడు నా చేతిలో ఏదో పెట్టేవాడు. తీసుకున్నాను.

హనుమాయమ్మగారని, చనిపోయిన హెడ్మాస్టరు భార్య. ఆవిడదీ కుట్టుమిషనే. "పిల్లలకి గౌన్లు కుట్టుకుంటాను బాబూ" అంది. బండి ఎక్కిస్తుంటే సూదిలో దారం ఇంకా ఉంది. ఆవిడ దాన్ని తెంపి చేతికి చుట్టుకుంది. నేను చూసి కూడా వారెంటు వెనక సంతకం చేశాను. ఆవిడ తరవాత ఎలా బతికిందో కనుక్కోలేదు.

ఇదంతా నీకు ఎలా రాయను? మీ అమ్మకి నేను నిజాయితీపరుణ్ణి. నీకు నేను చట్టం తెలిసిన మామయ్యని. అందుకని దగ్గు సంగతి రాశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా ఒక దారి ఉంది. మిషను జప్తుకి పనికిరాదని కోర్టులో అర్జీ పెట్టు. వేలం లోపల పెట్టాలి. ఐలమ్మని సాక్షిగా తీసుకెళ్ళు. అమీనాలు ఎక్కడ, ఎందుకు అడుగుతారో నేను బోను ఎక్కి చెబుతాను. పెన్షన్ పోతే పోనీ. వాయిదా తేదీ రాయి, నేను వస్తాను. నా మీద ఒట్టు.

శ్రీరామమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
21-12-1986

మామయ్యగారికి,

వాయిదా తేదీ రాశాను, మీరు రాలేదు. మంగళవారం తొమ్మిదింటి నుంచి కోర్టు గేటు దగ్గర నేనూ ఐలమ్మా నిలబడ్డాం. ఆటో ఆగినప్పుడల్లా మీరేనేమో అని చూశాను. మీరు రాసిన ఉత్తరమన్నా చూపిద్దామంటే, ఉత్తరం సాక్ష్యం కాదు, మనిషి రావాలన్నాడు మా లాయరు. ఆ తరవాత అత్తయ్యగారి కార్డు వచ్చింది. మీరు సంచి సర్దుకుని గుంటూరు దాకా వచ్చి, అక్కడ బస్టాండులో కాసేపు కూర్చుని, తిరిగి ఇంటికి వెళ్ళిపోయారట. ఒంట్లో బాగా లేక అని రాశారావిడ. ఆవిడ అలాగే అనుకోనివ్వండి.

ఐలమ్మ బోను ఎక్కింది. అవతలి లాయరు, "ఆడోళ్ళ దగ్గర బట్టలు ఎవరు తీసుకుంటుండ్రి?" అనడిగాడు. "నేనే" అంది. "ఎవరు కుడ్తరని చెప్పినవు వాళ్ళకు?" ఐలమ్మకి అబద్ధమాడటం రాదు. "చంపాపేట్‌ల టైలర్ కుడ్తడని చెప్పిన" అంది. "మరి గదే నిజం గదా" అని కూర్చున్నాడు. ఆవిడ బోనులోనే నిలబడి "అయ్యో, గట్ల కాదు సారూ, గట్ల కాదు" అంటూనే ఉంది.

ఈయన్ని అఫిడవిట్ మీద సంతకం చెయ్యమని బతిమాలాను. చెయ్యలేదు. "కాలనీలో ఒకసారి పోయింది, కోర్టులో కూడా పొమ్మంటావా" అన్నారు.

జడ్జిగారు నన్నే అడిగారు. ఈసారి చెప్పాను మామయ్యా, తడబడకుండా చెప్పాను. "ఆ మిషను మీద కుట్టే నా పిల్లల్ని సాకాను" అన్నాను. ఆయన కాగితం చూసి, "సరదాకి కుడతానని సంతకం పెట్టారు. అది అబద్ధమా?" అన్నారు. అవునండి అన్నాను. "ఒకసారి అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని నేనెలా నమ్మాలమ్మా?" అన్నారు. కటువుగా అనలేదు. విసుగ్గా కూడా అనలేదు. అర్జీ కొట్టేశారు. మిషను వేలంలో పోయింది, ఎవరు పాడుకున్నారో తెలియదు. ఇంకా సగం బాకీ అలాగే ఉంది. మళ్ళీ వస్తారట, ఈసారి పట్టుకుపోవడానికి ఏముందో వాళ్ళకే తెలియాలి.

మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. మీరు అరుగు సంగతి నేనడిగినప్పుడే రాసి ఉంటే నేను ముందే తెలుసుకుని లోపలే, వాళ్ళు మిషను ముట్టుకోకముందే చెప్పేసేదాన్ని. మీ పరువు మీరు కాపాడుకున్నారు. నేను ఈయన పరువు కాపాడాను. ఎవరి దగ్గరా ఏమీ మిగలలేదు. అయినా మిమ్మల్ని తిట్టుకుంటూ కూర్చోవడానికి నాకు తీరిక లేదు. హనుమాయమ్మగారు ఉంటే కనుక్కోండి. అంతకంటే మిమ్మల్నేమీ అడగను.

మూసారాంబాగ్‌లో ఒక కొట్టులో పనికి కుదిరాను. వాళ్ళ మిషను, వాళ్ళ దారం, జాకెట్టుకింత అని ఇస్తారు. నేను ఇంట్లో కుట్టినప్పుడు వచ్చినదాంట్లో మూడోవంతు కూడా రాదు. చిన్నదాన్ని బడి మాన్పించాను. వంట అది చూస్తోంది. ఈయన ఇప్పుడు బయటికి వెళ్ళడం లేదు, గోడవైపు తిరిగి పడుకుంటారు.

మొదటిరోజు క్యారియర్ పట్టుకుని బయల్దేరుతుంటే ఇందిరాదేవిగారు గేటు దగ్గర ఆపింది. "ఎక్కడికండీ పొద్దున్నే?" అంది. అరుగు మీదే ఉన్నాను. చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు.

"కూలికి కుట్టడానికి వెళ్తున్నానండి. దాని మీదే బతుకుతున్నాం" అని గట్టిగా చెప్పాను.

అందరూ విన్నారు. రాసుకునేవాడు లేడు.

నాగేశ్వరి